ఏడువందల యాభై వాట్లు

హినోకవా మునిసిపల్ ఆఫీసు, రెండో అంతస్తు.
నా కుర్చీ వెనక గోడంతా ఊరి పటం.
లేత ఆకుపచ్చ పొట్టి ఇళ్ల పేట,
గులాబీ అంగళ్లు,
నీలం ఫ్యాక్టరీలు.
నది ఒక్కటే తెల్లగా మిగిలింది,
దేని కింద రాయాలో తోచక కాబోలు.

పద్దెనిమిదేళ్లుగా నా ఉద్యోగం
ఇళ్లను ఇళ్లనడం,
కానివాటిని కావనడం.

పుస్తకంలో అన్నిటికీ అర్థాలున్నాయి.
ఆకుపచ్చలో అంగడి పెట్టుకోవచ్చు,
యాభై చదరపు మీటర్లు దాటకుండా,
కనీసం సగం ఇంట్లో మనుషులు బతుకుతుంటే.
రొట్టె, బియ్యం, మిఠాయి, టోఫు,
చేసినచోటే అమ్ముకుంటే అది ఇల్లే.
మోటార్లూ ఉండొచ్చు,
అన్నీ కలిపి ఏడువందల యాభై వాట్ల దాకా.
ఆపైన ఒక్క వాటు పెరిగినా
ఆ ఇంటి పేరు ఫ్యాక్టరీ.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది, సంతకం లేదు.
"తెల్లవారుజామున మూడున్నరకి
కువబారా టోఫు అంగట్లో కొత్త చప్పుడు."

వెళ్లాను. బూట్ల కింద మంచు పటపటలాడింది.
ఆవిరిలో ముందు చేతులు కనిపించాయి,
కాసేపటికి సుయే గారు.
డెబ్బై ఆరేళ్లు. రబ్బరు బూట్లు నావాటికన్నా పెద్దవి.

టేపు పరిచాను.
అంగడి నలభై రెండున్నర. బాగుంది.
పైన వంటగది, పడక,
ఇంకో చిన్న గదిలో భర్త ఫోటో,
దాని ముందు బొటనవేలంత గిన్నెలో అన్నం, ఇంకా వేడిగా.
"ఇందులో ఆయనొక్కరే ఉంటారు.
నివాసం కింద వస్తుందా?"
పుస్తకంలో లేని ప్రశ్న.
నివాసం అని రాసుకున్నాను.

ఇక మోటార్లు.
రుబ్బేది నాలుగువందలు.
కలియబెట్టేది రెండువందలు.
మూలన, గుడ్డ కప్పి, దోషిలా నిలబడ్డ
పిండే మిషను, కొత్తది, రెండువందలు.
కూడాను. మళ్లీ కూడాను.
లోలోపలే లెక్కపెట్టినా నా పెదవులు కదులుతాయి.
ఆమె వాటినే చూస్తోంది.

"యాభై ఎక్కువండీ."
"యాభై అంటే ఎంత?"
చుట్టూ చూశాను.
"అదిగో, మెట్ల మీద ఆ పాత బల్బు. అంత."
"అయితే ఆర్పేస్తాను," అని
నిజంగానే వెళ్లి ఆర్పేసింది.
చీకట్లో నిలబడి చెప్పాల్సి వచ్చింది నాకు,
దీపాలు లెక్కలోకి రావనీ,
ఈ యాభై ఆర్పితే తగ్గేది కాదనీ.

కాసేపు గింజలు నానుతున్న చప్పుడు.
దానికీ ఒక చప్పుడుంటుంది, చిటుకు చిటుకుమని.

"భుజం మాట వినడం లేదు, అందుకే కొన్నాను.
చేత్తో పిండితే ఎన్ని వాట్లు?"

సున్నా.
యాభై మూడేళ్లు,
రోజుకి రెండు పీపాలు,
పెళ్లైన మర్నాడు కూడా,
సున్నా.

ఏప్రిల్లో మళ్లీ తనిఖీకి వెళ్లాను.
మిషను లేదు. అది నిలబడ్డచోట
నేల కొంచెం తెల్లగా ఉంది.
పాత చెక్క తులాన్ని రెండు చేతులా నొక్కుతున్నాడు
ఎదురింటి ఇవామి, రిటైరైన రైలు డ్రైవరు,
చెవులు ఎర్రగా, చొక్కా మోచేతుల పైకి.
"ఎలాగూ మెలకువ వచ్చేస్తోంది," అన్నాడు
నేనేమీ అడక్కముందే.
తర్వాత, తులం మీద ఇంకాస్త వాలి,
"ఆ ఉత్తరం నాదే."
సుయే గారు వినలేదు. లేదా విన్నారు.

జీతమా అని నేను అడగలేదు.
అడిగితే ఏదో ఒక వర్గం కింద రాయాలి.

రెండు దిమ్మలు కొన్నాను.
ఉద్యోగిని కదా, ఊరికే తీసుకోకూడదు,
మూడువందల అరవై యెన్‌లకి రసీదు అడిగాను.
ఆమె వెతికి వెతికి, క్యాలెండరు చింపి
వెనక వైపు రాసిచ్చింది.

ఆఫీసుకొచ్చి పటం ముందు నిలబడ్డాను.
ఆ వీధి ఆకుపచ్చగానే ఉంది.
సంచిలోంచి నీళ్లు కారుతున్నాయి నేల మీదికి.
ఎవరో తుడిచే గుడ్డ తేవడానికి వెళ్లారు.