పదిహేనో రీలు

జ్ఞానాపురం వంతెన దిగగానే వరాహా టాకీస్.
ఇప్పుడక్కడ టైల్స్ అమ్ముతున్నారు.
ఆ మేడ మీది గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లు
కార్బన్ కడ్డీల పొగ మింగుతూ
చదరపు కన్నంలోంచి సినిమా చూశాను,
తల కాస్త పక్కకి వంచి.
మెడ ఇప్పటికీ అటే ఒరుగుతుంది.

సూరిశెట్టి సన్యాసిరావు సినిమాలు రెండు రకాలు.
పేపర్ల వాళ్లు రాయకముందే నాకు తెలుసు,
డబ్బా మూత తీస్తే చాలు.

‘పోలీసు బావ దొంగ బామ్మర్ది’ ప్రింటు
చోడవరం, అనకాపల్లి తిరిగి మాకొచ్చేసరికి
ఒళ్లంతా గీతలు, పాటల దగ్గర అతుకులు,
బామ్మర్ది లుంగీ జారే చోట ఫిల్మే అరిగిపోయి
తెర మీద ఒకటే వాన.
అయినా జనం.
హార్బరు నుంచి తిన్నగా వచ్చినవాళ్లు
చేపల బుట్టలు సైకిల్ స్టాండులో దింపితే
పిల్లుల్ని తోలడానికి
స్టాండు కుర్రాడు ఇంకో కుర్రాణ్ని పెట్టుకున్నాడు.
తెర మీదికి విసిరిన చిల్లర ఊడ్చి
ఆదెమ్మ కూతురికి ఆరో తరగతి పుస్తకాలు కొంది.

‘మూడో షిఫ్టు’ ప్రింటు
మడత విప్పని ఇస్త్రీ చొక్కాలా వచ్చింది.
అలాగే వెళ్లిపోయింది.
ఒక్క గీత లేదు.
సినిమాకి అంతకంటే పెద్ద దెబ్బ నేను చూడలేదు.

షిప్‌యార్డులో క్రేను కింద పోయిన మనిషి,
పింఛను కోసం ఆఫీసు బల్ల మీద కూర్చున్న అతని భార్య.
అంతే కథ.
ఫ్యాను తిరుగుతుంది. ఆమె కూర్చునే ఉంటుంది.
నేల క్లాసులోంచి ఒకడు అరిచాడు
‘ఆపరేటరూ, ఫోకస్!’
ఫోకస్ సరిగ్గానే ఉంది.
ఆమె చూపే అలా ఉంది.

ఇంకొకటి, ఎవరితోనూ అనలేదు.
బామ్మర్ది సినిమా తొమ్మిదో రీల్లో
ఛేజింగుకీ పాటకీ మధ్య
ఆ దొంగ వీధి కుళాయి దగ్గర
చచ్చిపోయిన తండ్రి టిఫిన్ డబ్బా కడుగుతాడు.
ఏడు సెకన్లు. హాలంతా సోడాలకి లేచేది అప్పుడే.
‘మూడో షిఫ్టు’లో అదే కుళాయి, అదే సొట్ట డబ్బా,
నాలుగు నిమిషాలు.
ఆ చావింట్లోనే ఒక ముసలాయన
వేరేవాళ్ల చెప్పులేసుకుని వెళ్లిపోతూ
ఒకటి బిగుతని తిరిగొస్తాడు.
హాల్లో ఉన్నది పందొమ్మిది మంది. నవ్వారు.
కుర్చీలు ఖాళీ కదా,
ఆ నవ్వు గోడలకి తగిలి
నా గదిలోకొచ్చి చాలాసేపు ఉంది.

ఆ పందొమ్మిదిలో మా పైడమ్మ ఒకర్తి.
పిల్లలు ఒంటరిగా ఉన్నారని,
మల్కాపురం బస్సు తప్పిపోతుందని
పద్నాలుగో రీల్లో లేచిపోయింది.
బామ్మర్ది సినిమా చూసొచ్చిన రాత్రి
గోడలు అదిరేలా గుర్రు పెట్టిన మనిషి,
ఈసారి రెండు రోజులు
నాతో ఉప్పూ కారం మాటలు తప్ప ఆడలేదు.
నా డబ్బా మటుకు
తోమిందే తోమింది.

మూడో రోజు మేనేజరు సినిమా ఎత్తేశాడు.
రీళ్లు చుట్టి, మూతలు బిగించి, రైల్వే పార్సిల్లో పడేసి
అర్ధరాత్రి ఇంటికొస్తే
చీకట్లోంచే అడిగింది.
‘ఏమయ్యా, ఆవిడికి పింఛనొచ్చిందేటి?’

రాలేదు.
పదిహేనో రీల్లో గుమాస్తా
అరటిపండు తింటూ ఫైలు మూసేస్తాడు,
ఆమె ఎండలోకి నడుస్తుంది, తెర తెల్లగా అయిపోతుంది.
ఆరు ఆటలు వేశాను, ఆరుసార్లూ రాలేదు.

డాల్ఫిన్స్ నోస్ మీది లైటు
కిటికీ మీదుగా ఒకసారి తిరిగి వెళ్లింది.
‘వచ్చింది’ అన్నాను.
‘బకాయిలతో సహా.’

కాసేపు ఏం అనలేదు.
తర్వాత అటు తిరిగి పడుకుంటూ
‘అలాగైతే ఆ ముక్క
లుంగీ సినిమా సన్యాసిరావు తీసుంటాడు’ అంది.

గుర్రు కోసం చూశాను.
తెల్లారేదాకా రాలేదు.