తలకిందుల జాలీ

జుమ్మా నాడు పొద్దుగాల నైఫ్ గల్లీలు
దులిపిన సంచుల తీరు ఖాళీగుంటయి.
షట్టర్లన్నీ కిందికే.
గా యాళ్లకు నేను తలెత్తి నడుస్త.
ఎవలన్న జూస్తే
పైకెల్లి ఏదో పడుతున్నదని పక్కకు జరుగుతరు.

ఆశన్న కోపం జేస్తడు:
"ఆరు దినాలు గోడలెక్కితివి,
ఏడో దినం గూడ గోడలేనా?
చూస్తే గా అద్దాల బిల్డింగులు జూడు, ఎంత ఎత్తు!"

నిజమే, ఎత్తే.
కని వాటిని జూడవోతే అవ్వి నిన్నే జూపిస్తయి,
నీ చెమట అంగిని,
నీ ఎనుక తెల్లవడ్డ ఆకాశాన్ని.
వాటికంటూ ఒక మొఖం లేదు.

ఈ నాలుగంతస్తుల ముసల్దానికి ఉన్నది.
పేరు పలకల సగం అక్షరాలు రాలినయి.
గల్లీ మలుపు కాడ గోడ గూడ మలుగుతది,
గుండ్రంగ, తొందర లేకుంట,
నిండు బస్సును డ్రైవరు మలిపినట్టు.
గా గుండ్రానికి సెంట్రింగ్ కొట్టుడంటే ఏందో నాకెరుక.
పలక ఒంగదు.
చీల్చి చీల్చి సన్న పట్టీలు జేసి
ఒక్కోదానికి మొల గొట్టాలె.
కొట్టినోడు ఏ దేశపోడో, ఉన్నడో లేడో,
చెక్క చారలు మాత్రం ఇంక సిమెంటు మీదున్నయి.
వేలు వెట్టి రాసిన. తగిలినయి.

మీద మూడంతస్తులు జాలీ.
సిమెంటు బిళ్లలు, ఒక్కోదాంట్ల ఆకు తీరు బొక్క.
గుద్దెటట్టు ఉరికొచ్చిన ఎండ
గా బొక్కలల్ల ఇరుక్కొని
మెట్ల మీద పడేసరికి చిన్న చిన్న ఆకులైతది.
ఎవలో బనీను ఆరేసిండ్రు.
దాని మీద గూడ ఆకులే.

లెక్కవెట్టిన. వరుసకు పందొమ్మిది.
మూడో అంతస్తు, ఎడమ దిక్కు నుంచి ఏడోది
తలకిందులు.
అన్నిటి మొనలు మీదికుంటే
దాని మొన నేలను జూస్తున్నది.

ఆకలి యాళ్ల పెట్టిండో,
మేస్త్రి మీద కోపంతోని పెట్టిండో,
ఎన్నటికన్న ఇటు వస్తే
తన పనిని తాను దొరకవట్టుకునేటందుకే పెట్టిండో.
నాకు నవ్వొచ్చింది.
నడి రోడ్డు మీద, ఒక్కన్నే.

వాచ్‌మన్ కుంజుమొయ్దీన్ లేచొచ్చిండు.
"క్యా దేఖ్తా? రూమ్ నై. బెడ్ స్పేస్ ఖతం."
రూమ్ వద్దు భాయ్, అని ఏలు జూపెట్టిన.
కండ్లకు చెయ్యి అడ్డం వెట్టుకొని
శానసేపు జూసిండు.
ఇరవై రెండేండ్లాయె ఆయన గీ గడప కాడ కూసుండవట్టి,
ఈపు గోడకానించి.
"పాగల్ ఆద్మీ," అన్నడు.
నన్నో, జాలీ పెట్టినోన్నో.
"ఇగ నాకు రోజు గదొక్కటే కనవడ్తది."

మల్లా జుమ్మాకు పోయిన.
గడప కాడ కుర్చీ లేదు.
దుకాండ్లు మూసినయి గద,
రోడ్డుకు అవుతలి దిక్కు, షట్టరు ముందట
చాయ్ కప్పు పట్టుకొని కూసున్నడు,
మొఖం బిల్డింగు దిక్కు.
నన్ను జూసి పలకరియ్యలేదు.
కొద్దిగ జరిగిండు, అంతే.