సందు

గూడూరులో మా సందు
ఎడ్లబండి కాలానికి కొలిచింది.
బెంజి కారును లోపలికి తోయాలంటే
ఎదురింటి అరుగు రెండంగుళాలు చెక్కాల్సొచ్చింది.
చెక్కినందుకు రెండు నెలలు మాటల్లేవు.

మూతపడ్డ మైకా కంపెనీ షెడ్డు వెనక
సర్కారు తుమ్మల్లో పదహారేళ్ళు పడున్న బండి.
అద్దం మూలన కందిరీగల గూడు,
డిక్కీలో ఎలుకల సంసారం.
పాత ఇనుము లెక్కన, తూకానికి కొన్నా.
చీటీ ఇంకా జేబులోనే ఉంది:
పదమూడు వందల ఎనభై కిలోలు.
"తుప్పుకి ఇంత పూజేందయ్యా" అని నవ్విన మస్తానే
మర్నాడు వెల్డింగు గ్యాసు తోసుకుంటా వచ్చాడు.

తుప్పు పైకి చిన్న మచ్చ.
గీకితే మచ్చ కింద చిల్లు,
చిల్లు కింద మా సందు మట్టి.

ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు
బస్సుల కింద పడుకున్న వీపు నాది.
అయినా దీని కింద దూరిన మొదటి రోజు
బళ్ళో కొత్తగా చేరినోడిలా ఉన్నా.
బస్సు తిడితే పలుకుద్ది.
దీనికి తిట్లు అర్థం కావు.
గాస్కెట్టు జర్మనీ నుంచే రావాలన్నారు అందరూ.
నెల్లూరు ఆటోనగర్లో జిలానీ మాత్రం
పాత ట్రాక్సు సామాను పెట్టె తెరిచాడు.
రెండు ఇంజన్లదీ ఒకే పుట్టిల్లంట.
పల్లె రోడ్ల మీద ఇరవై మందిని మోసే చెల్లెలి చీర
దొరసాని అక్కకి సరిగ్గా సరిపోయింది.

వెనక సీటు పీకిన రోజు
కింద ఒక పలక దొరికింది, అరచేతిలో సగం.
కాకిబంగారం.
బేరగాళ్ళకి చూపించే మచ్చు గామోసు.
చెంగమ్మత్త మంచం మీద నుంచే చెప్పింది:
"పచ్చ మైకా. కలిచేడుది."

ఇరవై రెండేళ్ళు ఆ షెడ్డులో పొరలు తీసిన చెయ్యి.
ఈ కారు గేట్లోకి వస్తా ఉంటే
దుమ్ము పడకుండా గంపల మీద గోనెలు కప్పేవాళ్ళంట.
"నాకు కారంటే గోనే గుర్తొస్తాది" అంది.
అంతే. ఇంకేం చెప్పలా.

వాల్వులు సర్దాలంటే ఇంజను చల్లగా ఉండాల.
తెల్లారి అయిదింటికే మూత తీశా.
ఎగ్జాస్టు సందు కుదిరింది.
ఇన్‌లెట్టుకి కావాల్సిన సన్న రేకు కనపడలా.
చొక్కా జేబుల్లో, నట్ల డబ్బాల్లో,
మనవరాలి జామెట్రీ పెట్టెలో వెతికా.

"ఎంత సందు కావాల?"
మిల్లీమీటర్లు చెప్పా. తలకాయ అడ్డంగా ఊపింది.
"మా పాత లెక్క చెప్పు."
"నాలుగు థౌ."

బొటనవేలి గోరు పలక అంచులోకి దించింది.
ఊదింది.
పొర లేచింది. ఆ పొరలోంచి ఇంకో పొర.
వెలుతురుకి ఎత్తి చూసి, పెదవికి ఆనించి,
ఒక రవ్వ మళ్ళీ తీసి పారేసి
"ఇదిగో" అంది.

నమ్మలా.
మస్తాన్ ఇంటికి పరిగెత్తి మైక్రోమీటరు తెచ్చా.
నాలుగు. గీత మీద గీత.

క్యాము కింద ఆ పొర
బిగుసుకోకుండా, ఊడిపోకుండా
గంజి చీర మడత లాగినట్టు
ఆగి ఆగి జారింది.

"కూలెంతిస్తావు?" అంది అత్త.
"పాత రేటా, కొత్త రేటా?"
నవ్వుతానే అడిగా.
ఆమె నవ్వలా.

సాయంత్రం ఇంజను పలికింది.
ఎదురింటాయన అరుగు మీద నిలబడి చూశాడు,
చెక్కిన అంచు మీదే.
తాళం తీసేసినా బండి ఆగలా;
ఎక్కడో రబ్బరు గొట్టం గాలి మింగతా ఉంది.
బానెట్టు ఎత్తి చేత్తో నొక్కితేగానీ ఊరుకోలా.
అది రేపటి పని.

కారెక్కమంటే అత్త ఎక్కలా.
పొగకి మంచం గోడవైపు లాక్కుని
మిగిలిన పలకలోంచి
పొర తీస్తా కూర్చుంది,
ఎవరూ అడక్కపోయినా.