అడుగు లోతు

మాఘం పోతా పోతా
చలిని గెనిమ కింద దాచిపెట్టి పోయింది.
తెల్లారి ఐదింటికి కాళ్ళకి తగిలేది అదే.

ఎకరా పదైదు సెంట్లు. కౌలు.
పోయిన పంట మల్చింగు షీటు ఇంకా మట్టిని పట్టుకోనుండాది
మానిన పుండు మీద పట్టీ మాదిరి.
నేనొక కొస, రెడ్డెమ్మత్త ఒక కొస లాగితే
చరచరా చినిగి వస్తాది.
చిల్లి చిల్లికీ ఒక ఎండిన మొదలు,
మొదలు మొదలుకీ నాకు గుర్తుండే ఒక ధర.
ఇది బాక్సు ఎనిమిదొందలు పలికిన వారం.
ఇది అరవై.
ఇది, కోసిన కూలి కూడా రాక
వి.కోట మార్కెట్టు నుంచి తిరిగొస్తా
వంక పక్కన కుమ్మరించిన దినం.
ఆ దినం ఆవులు కూడా మూతి తిప్పుకున్నాయి.

"మట్టికి లెక్కలు చెప్పబాకమ్మే" అంటాది అత్త,
"అది మర్చిపోవాలనే గదా దున్నేది."

మునెప్ప మంద మూడు రాత్రులు పండింది మా చేన్లో.
రాత్రికింత అని బియ్యం,
బీడీలకి వేరేగా.
నూటాముప్పై గొర్రెలు నెమరేస్తా ఉంటే
దూరంగా వాన మొదలైనట్టే ఉండాది.
పొద్దున చూస్తే చేనంతా నల్ల మిరియాలు.
మునెప్ప కర్రతో చూపించినాడు:
"ఆ మూల మాత్రం పండలేదమ్మా నా గొర్రెలు.
ఏనుగు వాసన."

ఇంకా యాడ వాసన!
అది వచ్చి మూడు నెలలు దాటిపాయె.
కార్తీకంలో, కౌండిన్య అడివి దిగి,
డ్రిప్పు పైపులు దారాల మాదిరి తెంపి,
పచ్చికాయ వదిలి దోరకాయే ఏరుకొని తిని,
మోటారు కొట్టం దగ్గర కొంచేపు నిలబడి పోయింది.
షీటు చాలక వదిలేసిన తడి మూలలో
దిగిన అడుగు
ఎండకి కుండ మాదిరి గట్టిపడింది.
నష్టం రాసుకోను వచ్చినాయన టేపు పెట్టి కొలిచినాడు:
అడుగున్నర వెడల్పు, అడుగు లోతు.
ఆ కాగితంలో మేము నమ్మింది ఆ రెండంకెలే.

పదింటికి ఖాదరు ట్రాక్టరు వచ్చింది.
రోటవేటరు దిగితే
ఎర్రమట్టి రాగిపిండి మాదిరి లేస్తాది,
వెనకాలే కొంగలు, పిలవని కూలోళ్ళు.
ఆ మూలకొచ్చి ఖాదరు బ్రేకు తొక్కినాడు.
నా మొగం చూసినాడు.
నేనేం చెప్పలేదు.
అత్త చెయ్యెత్తి, పక్కనించి పొమ్మనింది.

"ఎందుకత్తా?"
"గుంత తవ్వే కూలి మిగల్లేదా."

రెండు గంపల దిబ్బెరువు పోసింది అందులో.
కొంగు ముడి విప్పి
మూడు గుమ్మడి గింజలు తీసింది.
"టమాటా మనకి. ఇది, మళ్ళా వస్తే దానికి."
నవ్వు లేదు, భక్తీ లేదు ఆ మొగంలో.
సంతలో పక్కంగడామెకి
చిల్లర తిరిగిచ్చినట్టు ఉండాది.

బోదెలు తీసినాము. పైపులు పరిచినాము.
నారు రేపొస్తాది, పలమనేరు నుంచి, ఆరువేల మొక్క.
దాని అడ్వాన్సు
మొన్నటిదాకా నా చెవులకి ఉండింది.

రాత్రి తొమ్మిదికి కరెంటొస్తే మోటారేసి
వరస వరసా వొంగి చూస్తా పోయినాను.
చుక్క పడని చిల్లిని పిన్నీసుతో పొడిచి,
మళ్ళా చెవి పెట్టి విని.
పైపు ఆ మూలకి చాల్లేదు.
చెంబుతో మోసింది అత్త, చీకట్లో, గొణుక్కుంటా.

నడుం పట్టుకోని నిలబడి
అడివి పక్క చూసినాను.
కానుగ చెట్లు రెండు
చెవులాడిస్తా ఉన్నాయి.
చెట్లేనా అని
మోటారు ఆపి, ఇంకొకసారి చూసినాను.