మూడు గీతలు

గోడ మీద రెండు గడియారాలు.
ఒకటి పర్లాకిమిడిది.
రెండోది పోటీది, ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది.
దానికింకా సాయంత్రం ఆరున్నర,
నాకు అర్ధరాత్రి.

పగలంతా గేదెకొమ్ము అరగదీసి
కొంగల్నీ దువ్వెనల్నీ తీసిన చెయ్యే ఇది.
మోర్సు తాళం మీది గుండీ కూడా కొమ్మే, నేనే చేశాను.
మొదట చల్లగా తగుల్తుంది,
గంట గడిచాక వేలేదో అదేదో తెలీదు.

ముందు వినాలి.
తాళం ముట్టుకోకుండా వినాలి.
ఖాళీగానే ఉందనుకున్న చోట
ఎవరైనా ఉన్నారా అని అడగాలి,
రెండు ఊపిర్లు ఆగి మళ్ళీ అడగాలి.
రైల్లో అయితే సీటు మీద తువ్వాలుంటుంది,
ఇక్కడ తువ్వాలు కంటికి కనబడదు.

అప్పుడు ఫోను.
ఏటవతల పాతపట్నం నుంచి తవిటినాయుడు:
"బావా, ఈ రేత్రి ఒరిస్సా వోడివి నువ్వొక్కడివే.
ఆంధ్రా వోలం తట్టలకొద్దీ ఉన్నాం, ఎవుడూ పలకడు.
నేనూ ఒరిస్సానే అని కొట్టీనా?
మహేంద్రతనయలో మోకాల్లోతు నీల్లు లేవు.
ఎవులు సూస్తారు?
ఏ గట్టు నుంచొచ్చిందో గాలికి తెలుసేటి?"

నవ్వొచ్చింది.
గాలికి తెలీదు, మా తాతకీ తెలీలేదు.
ఓ పొద్దున లేచేసరికి ఎవరో గీసిన గీత
మా పెరడుకి అటువైపు పడిందట.
బతికినన్నాళ్ళూ ఆయన దాన్ని ఒప్పుకోలేదు,
శిస్తు రసీదు మీద మాత్రం వేలిముద్ర వేశాడు.
బళ్ళో ఒడియా దిద్దొచ్చి
అమ్మని తెలుగులో అన్నం అడిగినవాణ్ణి,
ఆ గీత మీద నాకు మాత్రం ఏం ప్రేమ?

అయినా "వద్దురా" అన్నాను.
ఎందుకో చెప్పలేకపోయాను.

ఒడిశా అంటే మా భాషలో
మొదట మూడు గీతలు,
తర్వాత చుక్క, గీత, చుక్క.
రాత్రంతా అదే కొట్టాను.
దానికోసం భుజ్ నుంచి, సిల్చర్ నుంచి
వరసకట్టి పిలిచారు.

ఈ ఆటలో అందరం ఆడే అబద్ధం ఒకటుంది:
ఐదు తొమ్మిది తొమ్మిది,
పక్కగదిలో ఉన్నట్టే వినిపిస్తున్నావు, అని.
కీచురాయి రొదలో మునిగిపోతున్నవాడికీ అదే చెబుతాం,
పెళ్ళిలో కూరలు బాగున్నాయా అంటే బాగున్నాయన్నట్టు.
అది మర్యాద.
ఎక్కడున్నావంటే మాత్రం
మర్యాద చాలదు.

రెండింటికి తవిటినాయుడే దిగాడు,
మోపెడ్డు మీద, వంతెన దాటి, ఫ్లాస్కులో టీతో.
"సెట్టు కట్టేసినాను బావా. పద్దెనిమిది దాటలేదు."
రెండో హెడ్‌ఫోను తగిలించుకుని
బియ్యం బస్తా మీద కూలబడ్డాడు.

మూడున్నరకి ఒక సన్న దారం.
ఎవరో, ఎక్కడో, టార్చిలైటు బ్యాటరీలతో పిలుస్తున్నారు.
పేరులో చివరక్షరం తప్ప అన్నీ దొరికాయి.
మళ్ళీ అన్నాను. మళ్ళీ.
మీద పడి పిలుస్తున్న పెద్ద గొంతులన్నీ
ఎవరూ చెప్పకుండానే ఆగాయి,
అంబులెన్సుకి సంత రోడ్డు తప్పుకున్నట్టు.
అయినా రాలేదు.

తవిటినాయుడికి దొరికింది.
నాకు తెలుసు, మోకాలి మీద వాడి వేలు కదలబోయింది.
పిడికిలి బిగించి
మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.
ఒక్కణ్ణే, ఒక్క జత చెవులే అని
ఫారం మీద నేను సంతకం పెట్టిన సంగతి వాడికీ తెలుసు.

దారం తెగింది.
రాసినంత మేరా కొట్టేశాను.

పోటీ గడియారం సున్నాకి వచ్చింది.
ఇక్కడ ఐదున్నర, కాకులు లేచాయి.
టీ పూర్తిగా చల్లారిపోయింది, అదే తాగాం.
వంతెన మొదట్లో అడిగాను:
"ఏ అక్షరంరా అది?"
"నెక్క పంపీసినావా?"
"పంపీసేను."

ఏమీ అనకుండా బండి తీశాడు.
సగం వంతెన దాటాక,
అటు వాళ్ళదో ఇటు మాదో తెలియని చోట,
హారను మోగింది
పొడుగ్గా, మూడుసార్లు.