ఏడడుగుల కింద

సుపీరియర్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో
చలి నేలలోకి ఆరడుగుల దాకా దిగుతుంది.
అందుకని నీళ్ల పైపు ఏడడుగుల కింద వెయ్యాలి.
ఇది రూలు. ఆ పుస్తకం నా బల్ల మీదే ఉంటుంది,
కాఫీ మరకతో, పద్నాలుగో పేజీ ఊడిపోయి.

ఐలీ రంతానెన్ ఏప్రిల్లో ఒక సోమవారం వచ్చింది.
బూట్ల నిండా ఎర్రమట్టి. గుమ్మంలోనే ఆగి
పట్టా మీద తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.
"ఉర్హో పెదనాన్న పోయాడు."
"తెలుసు," అన్నాను.
"లైసెన్సు ఆయన పేరు మీద ఉంది."
అదీ తెలుసు.

లైసెన్సు ట్రక్కు కాదు, చేతులు మారడానికి.
పార కాదు, పిడి నునుపెక్కిన చోట
ఇంకో చెయ్యి ఇమడడానికి.
ఇదంతా పైకి అనలేదు. ఫారం ఇచ్చాను.

ఇరవై వేల డాలర్ల పూచీకత్తు. బీమా. రాత పరీక్ష.
తర్వాత ఎనిమిదో గడి:
లైసెన్సున్న కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ల పని,
ఆ కాంట్రాక్టరు సంతకంతో.

ఐలీ పెన్ను అక్కడ ఆగింది.
"ఇరవై రెండేళ్లు చేశాను," అంది.
కాసేపాగి, కిటికీ వైపు చూస్తూ,
"ఆయన్నింకా పూడ్చనే లేదు.
నేల తెగడం లేదట. మే నెల దాకా ఆగమన్నారు."

పరీక్ష నేనే దిద్దాను.
నీళ్ల పైపుకీ మురుగు పైపుకీ ఎడం?
పదడుగులు.
ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే?
నీళ్లు పైన, మురుగు కింద, నడుమ మూరెడు.
అన్నీ సరే, ఒక్కటి తప్ప.
ఎంత లోతు దాటితే గోతి గోడలకి ఆసరా కట్టాలి?
పుస్తకంలో ఐదడుగులు. ఆమె నాలుగని రాసింది.
ఎర్ర సిరాతో కొట్టేశాను.
వాళ్ల నాన్న పోయింది నాలుగున్నర అడుగుల గోతిలోనని
ఇంటికెళ్లి సూప్ వేడి చేసుకుంటుంటే గుర్తొచ్చింది.

ఎనిమిదో గడి మాత్రం ఖాళీగానే ఉంది.

గురువారం ఎవరిదో పైపు పగిలింది.
వాల్వు ఎక్కడుందో వెతుకుతూ మూడో సొరుగు లాగాను.
ఇంటికొక అట్టముక్క:
'అరుగు ఈశాన్యమూల నుంచి పదహారడుగులు,
మేపుల్ చెట్టు నుంచి తొమ్మిది, లోతు ఏడు.'
ఏడు అంకె నడుం మీద ఒక అడ్డగీత.
ఇంకో అట్ట. అదే గీత.
ఇంకోటి.
పరీక్ష కాగితం తెచ్చి పక్కన పెట్టాను.
కింద సంతకాలన్నీ ఉర్హోవి,
పైన కొలతలన్నీ ఐలీవి.
చెట్లు కొన్ని కొట్టేశారు. ఒక అరుగు కూలిపోయింది.
ఏడులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

పగిలిన పైపు సంగతి
ఫోను మళ్లీ మోగేదాకా మర్చిపోయాను, నిజం చెప్పాలంటే.

ఎనిమిదో గడిలో నేనే రాశాను:
'మూడో సొరుగు చూడగలరు.'
ఇలా రాయొచ్చని ఏ పేజీలోనూ లేదు.
ఊడిపోయిన పద్నాలుగులో ఉందేమో.

బోర్డు రెండుసార్లు తిప్పి పంపింది.
జూన్లో కార్డొచ్చింది, ఆమె పేరులో ఒక అక్షరం తప్పుతో.

మొదటి పని అట్ట తెచ్చిచ్చింది నిన్న.
వీధి, మూల, దూరం, లోతు, అన్నీ ఉన్నాయి.
అడుగున గీత మీద ఏమీ లేదు.
"సంతకం?" అన్నాను.
అలవాటుగా వెనక్కి తిరిగి
తలుపు వైపు చూసింది.