ముల్లు కదలని పంపు

మైలవరం డ్యాం గట్టు మీద
ఏడు గంటలకే బండ కాలుతోంది.
రేకుల షెడ్డులోంచి తెచ్చి పరిచిన ప్యాడిల్ బోర్డు
ఒలిచి ఆరేసిన తోలులా పడుంది.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నలుగురు
టికెట్లు పట్టుకుని నా వైపే చూస్తున్నారు.
నేను కొడుతున్నాను.
పిడి పైకి, పిడి కిందికి.
ముప్పై దాటింది, యాభై దాటింది,
గాజు కింద ముల్లు మాత్రం
సున్నా దగ్గర కాళ్లు చాపుకుని పడుకుంది.

గొట్టం విప్పాను, బిగించాను.
విప్పిన ప్రతిసారీ బోర్డు
అప్పటిదాకా మింగిన గాలిని
బుస్సుమని నా మోకాళ్ల మీదే కక్కింది.
మేనేజరుకు ఫోన్ చేస్తే
"కొత్త పంపేరా అది, పోయిన ఏడుదే" అన్నాడు.
అందులో కొత్తదేదో, పోయిందేదో
నేను అడగలేదు.

ఉడకబెట్టిన చెనిక్కాయలమ్మే ఓబుళమ్మ
గంప దించి వచ్చింది.
"గమ్మునుండు అబ్బోడా, ఇననీ."
పంపుకు చెవి ఆనించింది.
"కొట్టు."
కొట్టాను.
"మళ్లా."

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల బోరింగులన్నీ
బాగుచేసింది ఆమే.
పన్నెండు రోజులు నేర్పి పంపారట.
ముప్పైరెండు బోరింగులు, రెండు పానాలు, ఒక సుత్తి,
చంకలో పాలు మరవని బిడ్డ.

"లోపల తోలు ఎండింది."
"ఇందులో తోలుండదు అవ్వా, రబ్బరు రింగు."
"ఏదైతే ఏంలే. మూలన పడేస్తే
బిర్రబిగిసి గోడకు ఆనదు.
గాలి పక్కనుంచి జారుకుంటాది."

మూత తిప్పి కడ్డీ బయటికి లాగింది.
రింగు చుట్టూ నాపరాళ్ల క్వారీ దుమ్ము.
పంపుతో పాటు వచ్చిన జిడ్డు పొట్లం
సీలైనా విప్పకుండా సంచి జేబులోనే ఉంది.
దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.
ఏమీ అనలేదు, అదే ఎక్కువ నొచ్చింది.

తర్వాత బోర్డు నోట్లో వేలు పెట్టి
మునిగున్న పిన్నును నొక్కి తిప్పింది.
టక్కున పైకి లేచింది.
"ఇది మునిగుంటే వాకిలి తెరిచి పండుకున్నట్టే.
ఎంత పోసినా బయటికే."

ఇంక కొట్టమంది.
"ముల్లును చూడొద్దు.
బోరింగుకైనా అంతే, నీళ్లు పైకెక్కేదాకా
కొట్టేవాడి చేతికి ఒట్టి ఇనుమే.
వరసలో బిందెలోళ్లు తిడతాంటారు.
అంతదాకా ఎవురి మాటా ఇనగూడదు."

కొట్టాను.
ఒక ముడత పోయింది.
ఒక అంచు నేల వదిలింది.
నూట నలభైకి ముల్లు
నిద్రలో కాలు కదిపినట్టు కదిలింది.
ప్రొద్దుటూరోళ్లు ఈల వేశారు.
ఎనిమిది దగ్గర పిడి రాయైపోతే
పక్కనున్న చిన్న బిరడా పీకేసి
"ఇప్పుడు నెట్టినప్పుడే పోతాది, మెల్లగ" అంది.
పదైదు.
కుండ కొనేటప్పుడు కొట్టినట్టు
బోర్డును వేలి కణుపుతో కొట్టి చూసి
గంప దగ్గరికి పోయింది.

నీళ్ల మీద నిలబడటానికి
మనుషులు డబ్బులిస్తారంటే
ఆమె ఇప్పటికీ నమ్మదు.

సాయంత్రం బోటింగు మూసేశాక
పిన్ను నొక్కాను.
పొద్దుటినుంచి దాచుకున్న ఊపిరంతా
ఒక్కసారిగా వదిలింది బోర్డు.
ఓబుళమ్మ ఆ గాలికి ఎదురుగా కూర్చుని
చెమట మొహం పెట్టింది, కళ్లు మూసుకుని.

"కరువప్పుడు బోరింగుల్లో ఇదే వచ్చేది రా.
నీళ్ల కోసం కొడితే గాలి.
ఊరంతా నన్నే తిట్టినారు,
ఓబుళమ్మకు పని రాదని.
వాషర్లు మార్చినా, కడ్డీలు మార్చినా.
నీళ్లు లేవని చెప్పేదానికి
నాకు నోరు రాలా."

బోర్డు సగం చల్లబడింది.
"ఇంకొంచెం నొక్కి పట్టుకో" అంది,
"చల్లగుంది."